రేకుల షెడ్డులో వడ్రంగం: పనిముట్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి దగ్గరే కొయ్యపని చేసుకునే పాఠకులు పనిముట్ల గురించి పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి చాలామంది అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాం. ధరలు మాత్రం రాయడం లేదు. నల్లగొండ షాపుకూ సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుకూ పొంతన ఉండదు.

ప్రశ్న: ఈమధ్యే రిటైరయిన. ఇంటెనక పది బై పన్నెండు రేకుల షెడ్డు ఉన్నది. స్టూళ్లు, పుస్తకాల అరలు, చిన్న పూజామందిరం చేసుకోవాలని ఉన్నది. వంద వస్తువుల టూల్ కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూసిన. అది తీసుకోవచ్చునా? (మిర్యాలగూడ)

వద్దు. అలాంటి పెట్టెల్లో ఎక్కువ భాగం స్క్రూడ్రైవర్ బిట్లు, సాకెట్లు, గోడ ప్లగ్గులే. స్టూలు చేయడానికి కావాల్సిన రంపం, ఉలి, రంద, క్లాంపు వాటిలో ఉండవు, ఉన్నా పేరుకే ఉంటాయి. ఆ డబ్బుతోనే పనిముట్లు ఒక్కొక్కటిగా కొనుక్కోండి.

కొలతలకు మూడు మీటర్ల టేపు, ఆరంగుళాల స్టీలు స్కేలు, ఎనిమిదంగుళాల గునియా (మూల సరిగ్గా 90 డిగ్రీలుందో లేదో చూసేది), ఒక మార్కింగ్ గేజి (అంచుకు సమానదూరంలో గీత గీసేది) కావాలి. గునియాను షాపులోనే పరీక్షించి తీసుకోండి. అంచు సూటిగా ఉన్న ప్లైవుడ్ ముక్కకు ఆనించి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గీత గీయండి. గునియాను తిరగేసి, అదే చోట మొదలుపెట్టి ఇంకో గీత గీయండి. రెండూ కలిసిపోతే గునియా సరైనది. పైకి పోయేకొద్దీ విడిపోతుంటే, ఆ ఎడంలో సగం గునియాలోని తప్పు. ఎనిమిదంగుళాల మీద గీతల మధ్య అర మిల్లీమీటరుకు మించి ఎడం వస్తే ఇంకోటి తీయమనండి. ఈ పరీక్షకు మొహమాటపడితే తర్వాత చేసే ప్రతి స్టూలూ కుంటుతుంది.

కోతకు 18 అంగుళాల చేతి రంపం, అంగుళానికి పది పళ్లున్నది. ఉలులు మూడు చాలు: రెండు సూతులది (అంటే 6 మి.మీ.), అరంగుళంది, అంగుళంది. ఆరు ఉలుల సెట్టు కొంటే మిగతా మూడూ తుప్పు పట్టడానికే. ఇనుప రందల్లో ఒక్కటే కొనేట్టయితే 5 నంబరు తీసుకోండి. దాని పొడవు సుమారు 14 అంగుళాలు, బ్లేడు వెడల్పు 2 అంగుళాలు. 4 నంబరు రంద పైతలం నునుపు చేయడానికి బాగుంటుంది గానీ, పొట్టిది కాబట్టి పొడవాటి పలక అంచులోని ఎత్తుపల్లాల వెంట తనూ ఎక్కి దిగుతూ పోతుంది. అంచు సూటిగా రాదు. ఇవిగాక ఒక కొయ్య సుత్తె, అర కిలో లోపు ఇనుప సుత్తె, 10 మి.మీ. డ్రిల్లు. చెక్కలను బిగించి పట్టే ఎఫ్ క్లాంపులు కనీసం నాలుగు: 12 అంగుళాలవి రెండు, 24 అంగుళాలవి రెండు.

చాలామంది వదిలేసేది నూరుడు రాయి. మీరు దాన్నే ముందు కొనండి. ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉన్న ఎనిమిదంగుళాల కార్బొరండం రాయి ప్రతి హార్డ్‌వేర్ షాపులోనూ దొరుకుతుంది. కొత్త ఉలి, కొత్త రంద బ్లేడు షాపు నుంచి వచ్చినప్పుడు పనికి సిద్ధంగా ఉండవు, వాటికి పదును మీరే పెట్టుకోవాలి. రాయి లేకుండా ఖరీదైన ఉలి కొన్నవాళ్ల కంటే రాయి ఉండి మామూలు ఉలి కొన్నవాళ్లకే పని బాగా వస్తుంది.

పని బల్ల ఎత్తుకు ఒక లెక్క ఉంది. నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ముడత ఎంత ఎత్తులో ఉంటుందో అంత. ఐదున్నర అడుగుల మనిషికి దాదాపు 32 అంగుళాలు. పైపలక రెండంగుళాల మందం మామిడిది చాలు, టేకు దండగ. బల్ల బరువుగా ఉండి, రంద తోసినప్పుడు కదలకపోవడమే ముఖ్యం. మన వడ్ల మేస్త్రులు నేల మీద కూర్చుని కాలితో చెక్కను పట్టి చేసే పద్ధతికి అసలు బల్లే అక్కర్లేదు. కానీ అరవై దాటాక మొదలుపెట్టేవాళ్లకు మోకాళ్లు అంత సహకరించవు.

ఇంకో మాట. మీ షెడ్డుకు రేకులన్నారు. బ్యాటరీ డ్రిల్లు కొంటే బ్యాటరీలు, ఛార్జరు ఇంట్లోనే ఉంచండి. మే నెలలో రేకుల కింద వేడికి లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదైపోతుంది.

ప్రశ్న: అంగుళం ఉలిని మిషన్ మీద సాన పట్టేటాయనకిచ్చిన. తెచ్చేసరికి అంచు నీలంగా ఉన్నది. తుమ్మ కర్రల నాలుగు దెబ్బలకే మొద్దుబారుతున్నది. ఉలి ఖరాబైనట్టేనా? ఇంట్లనే పదును ఎట్ల పెట్టుకోవాలె? (దేవరకొండ)

ఉలి మొత్తం పోలేదు, నీలం ఉన్నంత మేర పోయింది. ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కినప్పుడు ఆ రంగు వస్తుంది. మామూలు కార్బన్ ఉక్కు ఉలికి అంత వేడి తగిలితే అంచు మెత్తబడుతుంది. సాన చక్రం మీద ఎక్కువసేపు అదిమి పట్టడమే కారణం. సన్నటి కొనకు వేడి ఎటూ పోయే దారి ఉండదు, క్షణాల్లో రంగు తిరుగుతుంది. నీలాన్ని ఎమరీ కాగితంతో రుద్దితే రంగు పోతుంది, మెత్తదనం మాత్రం అట్లాగే ఉంటుంది. నీలం ఉన్నంత భాగాన్నీ, దాని వెనక ఇంకో మిల్లీమీటరునూ అరగదీయాల్సిందే. గరుకు రాయి మీద చేత్తో అయితే ఓపిక కావాలి, వేడి భయం ఉండదు. మళ్లీ చక్రం మీదే పట్టాల్సి వస్తే రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచాలి. ఉలిని పట్టుకున్న వేలిని అంచుకు దగ్గరగా ఉంచుకోండి, వేలికి చురుక్కుమంటే ఆపాలి.

ఇక పదును. మొదట వాలు (అంచు దగ్గర ఏటవాలుగా ఉన్న తలం) ఎంత ఉండాలో చూసుకోండి. మెత్తటి చెక్కను చేత్తో తోసి చెక్కడానికి 25 డిగ్రీలు. తుమ్మ చేవలో సుత్తెతో కొట్టే ఉలికి 30, ఇంకా చిట్లుతుంటే 35. కోణం కొలిచే సాధనం అక్కర్లేదు. వాలు పొడవు ఉలి మందానికి సరిగ్గా రెండింతలుంటే 30 డిగ్రీలు, రెండింతల మీద ఇంకో మూడో వంతు దాటితే 25. అంటే ఉలి 3 మి.మీ. మందముంటే వాలు 6 మి.మీ. లేదా 7 మి.మీ. చేయి నిలవనివాళ్లు చిన్న చక్రమున్న హోనింగ్ గైడ్ కొనుక్కోవచ్చు. రెండు పక్కల నుంచి బిగించే రకంలో ఉలి 30 మి.మీ. బయటికి ఉంటే 30 డిగ్రీలు, 40 మి.మీ. ఉంటే 25 డిగ్రీలు వస్తాయి.

ఉలి చదును వైపు ముందు. చాలామంది వాలునే నూరి చదును వైపును ముట్టరు. అంచు అంటే రెండు తలాలు కలిసేచోటు. ఒకటి గరుకుగా ఉంటే రెండోది ఎంత నునుపైనా లాభం లేదు. 8 మి.మీ. అద్దం ముక్క మీద గానీ, పాలిష్ పట్టిన తాండూరు బండ మీద గానీ 400 నంబరు నీటి ఎమరీ కాగితం పరిచి, చదును వైపు కొన నుంచి ఒక అంగుళం మేర రుద్దండి. గీతలన్నీ ఒకే తీరుగా వచ్చాక 800, ఆ తర్వాత 1500. బండ వాడేట్టయితే దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద వెలుగు కనిపించడం లేదని చూసుకోండి. ఈ పని ఉలి జీవితంలో ఒక్కసారే.

తర్వాత వాలు. రాయి గరుకు వైపు నూనె వేసి, వాలు మొత్తం ఆనించి ముందుకూ వెనక్కూ నడపండి. కాసేపటికి చదును వైపు అంచున బొటనవేలిని బయటికి జరిపి చూస్తే సన్నటి పొర ఒకటి గోటికి తగులుతుంది. వెడల్పంతా తగలాలి. ఒక మూల తగలలేదంటే అక్కడ వాలు ఇంకా అంచు దాకా చేరలేదు, ఆ మూల మీద ఒత్తిడి పెంచండి. ఈ పొర రాకముందే నునుపు వైపుకు మారడమే పదును నిలవకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం. పొర వచ్చాక నునుపు వైపు పది పదిహేను సార్లు నడిపి, ఉలిని తిప్పి చదును వైపు పూర్తిగా రాయికి ఆనించి రెండు సార్లు లాగండి. ఇలా అటూ ఇటూ మార్చి చేస్తుంటే పొర రాలిపోతుంది. చివర పాత తోలు బెల్టును చెక్కకు అంటించి, దాని మీద వెనక్కి మాత్రమే పది సార్లు లాగండి. ముందుకు తోస్తే తోలు తెగుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో వెలుతురులో తెలుస్తుంది. అంచును బల్బుకు ఎదురుగా పట్టి మెల్లగా తిప్పండి. మొద్దుగా ఉన్నచోట తెల్లటి గీత మెరుస్తుంది. పదునున్నచోట ఏమీ కనబడదు. మామిడి ముక్క అడ్డకోత మీద కూడా చూడండి, పొడి రాలకుండా పొర లేవాలి.

రాయి మధ్యలో గుంట పడితే ఉలి అంచు వంపు తిరుగుతుంది. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, బండ మీద పరిచిన 80 నంబరు ఎమరీ మీద నీళ్లు చల్లి, గళ్లన్నీ చెరిగిపోయేదాకా రుద్దితే మళ్లీ చదునవుతుంది. ఒకసారి నూనె తాగిన రాయికి నూనే వాడాలి, మధ్యలో నీళ్లకు మారితే పట్టదు. నీళ్లతో నూరేవాళ్లు మీ వైపు ఉప్పు బోరు నీళ్లు ఉలి మీద ఆరిపోనివ్వకండి. తెల్ల మరకలు పడ్డచోటే తుప్పు మొదలవుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో కమ్మరాయన లారీ కమాన్ పట్టీతో ఉలులు చేసి ఇస్తడు. షాపు ఉలి మంచిదా, ఆయనదా? (వనపర్తి)

పనిని బట్టి ఉంటుంది. కమాన్ పట్టీ స్ప్రింగు ఉక్కు. కార్బన్ కాస్త తక్కువ కాబట్టి గట్టి దెబ్బలకు చిట్లదు, ఓర్చుకుంటుంది. దూలాలకు, తలుపు చట్రాలకు లోతైన రంధ్రాలు తొలవడానికి అదే మేలు. సన్నని అంచు ఎక్కువసేపు నిలవాల్సిన పనికి షాపులో దొరికే ఎక్కువ కార్బన్ ఉక్కు ఉలి కొనండి.

కమ్మరి ఉలి తీసుకునేటప్పుడు కొత్త ఆకురాయి ఒకటి వెంట తీసుకుపోండి. అంచు దగ్గర ఆకురాయితో ఒక్కసారి గీకితే జారిపోవాలి, లేదా అతి కష్టం మీద కొంచెం పట్టాలి. మేకును రాకినంత సులువుగా రాలితే నీళ్లు పట్టడం (కాల్చి ముంచి గట్టిపరచడం) సరిపోలేదు, వెనక్కిచ్చి మళ్లీ కాల్చమనండి. దీనికి వ్యతిరేకంగా, వాడేటప్పుడు అంచు వంగకుండా ముక్కలు ముక్కలుగా రాలుతుంటే అతిగా గట్టిపడిందని అర్థం. దానికి ఇంట్లోనే మందుంది. నూనె పూర్తిగా తుడిచి, పిడి తీసేసి, కేకులు చేసే ఓటీజీలో 200 నుంచి 220 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, దానంతటదే చల్లారనివ్వండి. పెళుసుతనం తగ్గుతుంది.

ప్రశ్న: కొత్త 5 నంబరు రంద టేకు మీద గడగడ అదురుతున్నది. కొన్నిచోట్ల చెక్క పీకుకొస్తున్నది. పొట్టు లోపల ఇరుక్కుంటున్నది. మూడు రోగాలూ ఒకదానికే ఎందుకు? (మహబూబ్‌నగర్)

మూడింటికీ మూలం ఒక్కచోటే ఉండొచ్చు. బ్లేడు మీద బిగించే ఇనుప రేకు, అదే చిప్ బ్రేకర్, అంచున బ్లేడుకు పూర్తిగా ఆనడం లేదు. రెండింటినీ బిగించి వెలుతురుకు పట్టి చూడండి. మధ్యలో సన్నటి వెలుగు కనిపిస్తే పొట్టు ఆ సందులోకే దూరుతుంది. చిప్ బ్రేకర్ అంచును నునుపు రాయి మీద, వెనక భాగం రాయి తలం కంటే కొంచెం కిందికి ఉండేట్టు పట్టి రుద్దండి. అప్పుడు ముందు కొన మాత్రమే బ్లేడును తాకుతుంది.

తర్వాత దాని స్థానం. మొదటి ముతక పనికి బ్లేడు అంచు నుంచి ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లు వెనక్కి, చివరి నునుపు పనికి అర మిల్లీమీటరు. టేకు పీకుకొస్తున్నది ఎక్కువగా ఈ దూరం మూలంగానే. దగ్గరగా ఉంటే లేచిన పొట్టు వెంటనే విరుగుతుంది, నార లోతుకు చీలదు. నార ఎటు వాలిందో పలక పక్క అంచు మీద చూసి, వాలు పైకెక్కే వైపుకే తోయండి. ముడుల చుట్టూ నార తిరగబడుతుంది కాబట్టి అక్కడ రెండు వైపుల నుంచీ రావాలి.

అదురుడుకు: బ్లేడు కూర్చునే దిమ్మ స్క్రూలు రెండూ బిగుతుగా ఉన్నాయా చూడండి. ఆ దిమ్మ మీద పెయింటు గడ్డలుంటే గీకేయండి. పైన నొక్కే మూత వదులైతే కూడా అదురుతుంది. బ్లేడును లోతు చేసే చక్రానికి కొంత ఖాళీ తిరుగుడు ఉంటుంది. బ్లేడు ఎక్కువ బయటికొచ్చిందని వెనక్కి తిప్పి అక్కడే వదిలేస్తే పనిలో అది జారిపోతుంది. వెనక్కి బాగా లాగి, మళ్లీ ముందుకు తిప్పుతూ వచ్చి ఆపండి. ఆఖరు తిరుగుడు ఎప్పుడూ ముందుకే.

అడుగు చదును గురించి ఎక్కువ మంది అనవసరంగా బెంగపడతారు. ముక్కు కొన, నోటికి (బ్లేడు బయటికొచ్చే సందుకు) రెండు పక్కలు, మడమ ఒకే తలంలో ఉంటే చాలు, మధ్యలో అక్కడక్కడ పల్లం ఉన్నా నష్టం లేదు. చదును చేయాల్సి వస్తే బ్లేడును లోపలికి లాగి, మూత మాత్రం పనిలో ఉన్నంత బిగుతుగానే ఉంచి, 80, 120, 220 కాగితాల మీద వరుసగా రుద్దండి. మూత తీసేసి రుద్దితే బిగించాక అడుగు మళ్లీ వంగుతుంది.

టేకులో సిలికా ఉంటుంది. దానివల్ల బ్లేడు మామిడి మీదకంటే త్వరగా మొద్దుబారుతుంది. అది రంద లోపం కాదు. పని మధ్యలో ఆపి నూరుకోవడం టేకు పనిలో భాగమే. అడుగున కొవ్వొత్తి మైనం రెండు గీతలు గీస్తే తోయడానికి సగం బలం చాలు.

ప్రశ్న: మార్బుల్ కట్టర్‌కే కొయ్య బ్లేడు వేసి ప్లైవుడ్ కోస్తున్నం. అందరూ అట్లనే చేస్తున్నరు. ప్రమాదమా? (జడ్చర్ల)

ప్రమాదమే. అందరూ చేస్తున్నారన్నదీ నిజమే. 110 మి.మీ. కట్టర్ నిమిషానికి 12 వేల తిరుగుళ్ల పైన తిరుగుతుంది. ఆ లెక్కన బ్లేడు పళ్లు గంటకు దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. రాయి కోయడానికి చేసిన మిషన్‌కు కింద స్ప్రింగు మూత ఉండదు. కోత అయ్యాక మిషన్ పైకెత్తితే బ్లేడు బయటే తిరుగుతూ ఉంటుంది, ఆగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. తొడ మీద, ఎడమ చేతి మీద గాయాలు ఎక్కువగా ఆ సెకన్లలోనే అవుతాయి. కొయ్యకు చేసిన 7¼ అంగుళాల సర్క్యులర్ సా నిమిషానికి 5 వేల చిల్లర తిరుగుళ్లే తిరుగుతుంది. కోత పూర్తవగానే కింది మూత దానంతటదే మూసుకుంటుంది. వీలుంటే దానికి మారండి.

మారలేకపోతే కనీసం ఇవి పాటించండి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం మీ మిషన్ ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉండాలి. అంకె రాయని బ్లేడు కొనొద్దు. మధ్య రంధ్రం మిషన్ ఇరుసుకు సరిగ్గా సరిపోవాలి, సందుకు కాగితం చుట్టడం లాంటివి పనికిరావు. 18 మి.మీ. ప్లైవుడ్‌కు బ్లేడు పళ్లు కిందికి 5 మి.మీ. మాత్రమే కనబడేట్టు లోతు పెట్టండి. మిషన్‌కున్న పై మూత తీసేసి ఎప్పుడూ కోయకండి. బ్లేడు మార్చేముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకాలి.

మిషన్ ఎందుకు వెనక్కి తంతుందో తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. ప్లైవుడ్‌ను రెండు చివరల కింద దుంగలు పెట్టి మధ్యలో కోస్తే, కోత పెరిగేకొద్దీ మధ్యభాగం కుంగి సందు మూసుకుపోతుంది. బ్లేడు వెనక పళ్లు పైకి లేస్తూ తిరుగుతుంటాయి కదా, అవి ఆ సందులో నొక్కుకుంటే మిషన్ మొత్తం మీ వైపు ఎగిరొస్తుంది. కాబట్టి కోత గీతకు రెండు పక్కలా నాలుగు దుంగలు పరచండి, లేదా పాత థర్మకోల్ షీటు కింద వేసి దాని మీదే కోయండి. మీరు గీతకు పక్కగా నిలబడండి. వదులు చేతి గ్లౌజులు, టవలు, పొడుగు చేతుల చొక్కా వద్దు. కళ్లద్దాలు, ఎన్ 95 మాస్కు తప్పనిసరి.

యాంగిల్ గ్రైండర్‌కు పళ్ల బ్లేడు వేయడం గురించి కూడా కొందరు అడిగారు. ఏ జాగ్రత్తతోనూ వద్దు.

ప్రశ్న: చేతి రంపం పళ్లు ఇంట్లో ఆకురాయి పట్టుకోవచ్చునా? (సూర్యాపేట)

ముందు పళ్ల రంగు చూడండి. కొనలు నల్లగానో నీలంగానో ఉంటే అవి యంత్రంతో గట్టిపరిచినవి, ఆకురాయి ఎక్కదు. అరిగిపోతే రంపమే మార్చాలి. రంగు లేకుండా ఒకే తీరుగా ఉంటే పట్టుకోవచ్చు.

వరుస తప్పకూడదు. మొదట చదును ఆకురాయిని పళ్ల కొనల మీద పొడవునా నడిపి అన్నీ ఒకే ఎత్తుకు తేవాలి. ప్రతి కొన మీదా ఒక మెరిసే చుక్క కనబడుతుంది. తర్వాత పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచడం. పన్ను ఎత్తులో సగానికి మించి వంచితే మొదలు దగ్గర విరుగుతుంది. కోత సందు రంపం మందానికి ఒకటిన్నర రెట్లకు లోపు ఉంటే చాలు. పచ్చి కర్రకు ఎక్కువ, ఎండిన టేకుకు తక్కువ. ఆఖరున ముక్కోణపు ఆకురాయి. అంగుళానికి పది పళ్లున్న రంపానికి ఐదారంగుళాల సన్నరకం సరిపోతుంది. నార పొడవునా చీల్చే రంపానికి ఆకురాయిని అడ్డంగా 90 డిగ్రీల్లో, నారకు అడ్డంగా కోసే రంపానికి 65 డిగ్రీల్లో పట్టాలి. పన్ను విడిచి పన్ను ఒక వైపు నుంచి చేసి, రంపం తిప్పి మిగతావి చేయండి. ప్రతి పన్నుకూ అన్నే తోపులు. మెరిసే చుక్క మాయమవగానే ఆపాలి, ఇంకో తోపు వేస్తే ఆ పన్ను మిగతావాటికంటే పొట్టిదవుతుంది.

రంపం ఒక పక్కకే లాగుతుంటే ఆ పక్క పళ్ల వంపు ఎక్కువైందన్నమాట. ఆ వైపున నునుపు రాయిని పళ్ల పక్కగా ఒక్కసారి మెల్లగా నడిపి చూడండి.

ప్రశ్న: వానకాలం వస్తే చాలు, పనిముట్లన్నీ ఎర్రగైతున్నయి. గోనె సంచిలో చుట్టి పెడుతున్న. ఏ నూనె రాయాలె? (అచ్చంపేట)

గోనె సంచే సమస్య. అది గాలిలోని తేమను పీల్చి ఇనుముకు అంటిపెట్టుకుని ఉంచుతుంది. పాత నూలు గుడ్డకు కుట్టుమిషన్ నూనె పట్టించి అందులో చుట్టండి. పల్లీ నూనె, పొద్దుతిరుగుడు నూనె లాంటి వంట నూనెలు రాస్తే కొన్ని వారాలకు జిగురుగా గడ్డకడతాయి. కుట్టుమిషన్ నూనె పలుచగా, తుడిచినా పొర మిగిలేట్టు ఉంటుంది. పని అయ్యాక చేతి చెమట తగిలిన చోటల్లా ఒకసారి తుడవాలి. చెమటలోని ఉప్పు రాత్రికి రాత్రే వేలిముద్ర ఆకారంలో తుప్పు తెస్తుంది. సిలికోన్ స్ప్రేలు వాడకండి. కొయ్యకు అంటితే ఆ తర్వాత వార్నిష్ పట్టక గుంటలు గుంటలుగా విడిపోతుంది.

తుమ్మ, టేకు పచ్చి పొట్టులో ఉలి, రంపం వదిలేయడం ఇంకో తప్పు. తడి తుమ్మలోని టానిన్ ఇనుముతో కలిసి పనిముట్టునూ చెక్కనూ నల్లబరుస్తుంది.

ఇప్పటికే పట్టిన తుప్పుకు కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్లకు 50 గ్రాములు ప్లాస్టిక్ టబ్బులో కలిపి, నూనె తుడిచిన పనిముట్టును ముంచండి. పిడులు, ఇత్తడి భాగాలు ముందే విప్పేయాలి. గంటకోసారి తీసి పాత టూత్‌బ్రష్షుతో రుద్ది చూడండి. మామూలు తుప్పు రెండు మూడు గంటల్లో వదులుతుంది. మర్చిపోయి రోజుల తరబడి వదిలేస్తే ఆమ్లం మంచి ఉక్కును కూడా తినేసి, పైతలం బొరియలు బొరియలు అవుతుంది. తీసిన వెంటనే లీటరుకు రెండు చెంచాల తినే సోడా కలిపిన నీళ్లలో ముంచి, పొడి గుడ్డతో తుడిచి, ఎండలో పది నిమిషాలు పెట్టి నూనె రాయండి. ఈ ఆఖరు వరుసలో ఆలస్యమైతే మీ కళ్ల ముందే మళ్లీ ఎర్రబడుతుంది.

ప్రశ్న: గోడకు రంధ్రాలు పెట్టే బిట్టుతో చెక్కకు పెట్టొచ్చునా? (గద్వాల)

వద్దు. దాని కొన కొట్టి పొడి చేయడానికి ఉన్నది, కోయడానికి కాదు. చెక్క కాలి నల్లబడుతుంది. మధ్యలో చిన్న మొన ఉన్న కొయ్య బిట్టు తీసుకోండి. 8 నంబరు స్క్రూకు టేకు, తుమ్మల్లో 3 మి.మీ., మామిడిలో 2.5 మి.మీ. రంధ్రం ముందు పెట్టాలి.

ప్రశ్న: డ్రిల్లు లోపల నీలం నిప్పులు కనిపిస్తున్నయి, బలం తగ్గింది. మా దగ్గర సాయంత్రం కరెంటు 190 వోల్టులకు పడిపోతది. అదే కారణమా? (నారాయణపేట)

కొద్దిపాటి నిప్పులు మామూలే. గుండ్రంగా చుట్టూ వెలుగుతుంటే కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగినట్టు. ప్లగ్గు పీకి, పక్కల ఉన్న రెండు బిరడాలు విప్పి చూడండి. 5 మి.మీ. కంటే పొట్టివైతే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే అది వంకరగా అరుగుతుంది. పాతదాన్ని షాపుకు తీసుకుపోయి కొలత, స్ప్రింగు అదే తీరువి తీసుకోండి. కొత్తవి వేశాక ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పండి. అయినా నిప్పులు తగ్గకపోతే లోపల తిరిగే భాగం, అంటే ఆర్మేచర్, చూపించాలి.

తక్కువ వోల్టేజికి డ్రిల్లు నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు గట్టిగా అదిమితే వేడెక్కుతుంది. అసలు దెబ్బ ఇండక్షన్ మోటారున్న రంపపు బల్లలకూ ప్లేనర్లకూ. వాటి బలం వోల్టేజి వర్గంతో పడిపోతుంది. 230 నుంచి 190కి దిగితే మూడింట రెండు వంతుల బలమే మిగులుతుంది. బరువు అంతే ఉంటుంది కాబట్టి ఎక్కువ ఆంపియర్లు లాగి చుట్టలు కాలిపోతాయి. పెద్ద మిషన్ పని పొద్దున పెట్టుకోండి.

పొడిగింపు తీగ కూడా చూడండి. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ 20 మీటర్లు వాడితే 8 ఆంపియర్ల దగ్గర ఇంకో 8 వోల్టులు పోతాయి. 1.5 తీగ తీసుకుని, చుట్ట పూర్తిగా విప్పి పరిచి వాడండి. చుట్టలో ఉంటే వేడి బయటికి పోక పైతొడుగు కరుగుతుంది. ఇనుప బల్ల మీద బిగించిన మిషన్‌లకు ఎర్తింగు ఉండాల్సిందే. మన చెలక నేలలో ఎండకాలం ఎర్తు గుంత ఎండిపోతే ఎర్తు ఉన్నా లేనట్టే, వారానికోసారి నీళ్లు పోయండి. షెడ్డుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి.

ప్రశ్న: ఎండకాలంల సుత్తె తల ఊడిపోతున్నది. నీళ్లల్ల నానబెడితే బిగుసుకుంటది గానీ నాలుగు రోజులకు మళ్లా అదే. బాడిసకూ ఇదే తిప్పలు. (నల్లగొండ)

నానబెట్టడం వల్లే ముదురుతున్నది. తడికి పిడి ఉబ్బి, చుట్టూ ఇనుము కదలనివ్వక దాని నార నలిగిపోతుంది. మళ్లీ ఎండాక ముందుకంటే సన్నగా అవుతుంది. ప్రతిసారీ కొంచెం కొంచెం.

పిడి మార్చండి. ముడులు లేని, నార పొడవునా సూటిగా ఉన్న తుమ్మ చేవ గానీ, టింబర్ డిపోలో దొరికితే తిరుమాను గానీ తీసుకోండి. పిడి బిగించే పని ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకోండి. అప్పటికి కర్ర ఎండగలిగినంత ఎండి ఉంటుంది. వానకాలంలో బిగిస్తే మళ్లీ ఎండలకు కుంచించుకుపోతుంది. తల రంధ్రంలోకి చేత్తో సగం దూరేంత సన్నగా చెక్కి, పిడి రెండో కొనను కొయ్య సుత్తెతో కొట్టండి, తల దానంతటదే పైకెక్కుతుంది. ఎక్కించే ముందే పిడి కొనలో రంధ్రం లోతులో మూడింట రెండు వంతుల మేర రంపంతో చీలిక కోసి ఉంచాలి. అందులో ఎండిన గట్టి చెక్క మేకు (ఒక కొన పలచగా చెక్కిన ముక్క) జిగురుతో దిగగొట్టి, పైన మిగిలింది కోసేసి, దానికి ఏటవాలుగా ఒక చిన్న ఇనుప మేకు కొట్టండి. బాడిసకూ ఇదే పద్ధతి. చీలిక రంధ్రం పొడవు వైపుకే ఉండాలి.

చివరన అవిసె నూనె రెండు మూడు పూతలు, పూతకు పూతకు మధ్య ఒక రోజు ఎడంతో పట్టించండి. తల దగ్గరి అడ్డకోతకు ఎక్కువ పట్టాలి, తేమ రాకపోకలు అక్కడి నుంచే. ఆ నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. రేకుల షెడ్డులో, పొట్టు మధ్యన ఆ ఉండ తనంతట తానే అంటుకోగలదు. ఆరుబయట తీగ మీద విడివిడిగా ఆరేసి, గట్టిగా ఎండాకే పారేయండి.